సబ్ హై, ఫాసిలా నై

తెలుగులో దూరపు కొండలు నునుపు అంటారు. మన ఇళ్లలో అదే సంగతిని దూర్ కే ఢోల్ సుహానే అంటారు. ఒకటి కంటి మాట, ఇంకోటి చెవి మాట. రెండూ చెప్పేది ఒక్కటే: దూరం అనేది ఉన్నదాన్ని ఉన్నట్టు తెలియనివ్వదు. నేను ఇవాళ రాస్తున్నది దీన్ని తిరగేసిన సంగతి. కళ్లకి కట్టుకునే ఒక యంత్రం ఉంది, అది దూరాన్నే ఉన్నంత తెలియనివ్వదు. కొండని దగ్గరికి లాక్కొచ్చి, కాస్త చిన్నది చేసి ముందు పెడుతుంది. దాన్ని వీఆర్ హెడ్‌సెట్ అంటున్నారు. గల్ఫ్ నుంచి వచ్చే సూట్‌కేసుల్లో ఖజూర్ డబ్బాల పక్కన అదీ వస్తోంది. కాబట్టి దాని గురించి కాస్త ఇత్మీనాన్‌గా మాట్లాడుకుందాం.

మా ఇంట్లోకి అది అబ్బా కోసం వచ్చింది. అబ్బా కేకే లైన్లో కీమేన్‌గా పనిచేశారు. కొత్తవలస నుంచి కిరండూల్ దాకా తూర్పు కనుమల్ని తొలుచుకుంటూ పోయే లైన్ అది. బైలదిల్లా ఇనప రాయిని విశాఖ రేవుకి దించడానికి 1960లలో వేశారు. దారిలో 58 సొరంగాలు. కీమేన్ పని ఏమిటంటే, తన వంతు పట్టా వెంట రోజూ నడుస్తూ బిగింపులు ఎక్కడ సడలాయో చూసి సుత్తితో బిగించడం. భుజాన సుత్తి, చేతిలో ఎర్ర జెండా, పచ్చ జెండా. ఎండా వానా అని లేదు. అరకు వెళ్లే టూరిస్టులు కిటికీలోంచి చూసే కొండల్ని అబ్బా కాళ్లతో చూశారు.

ఇప్పుడాయనకి 79. మోకాళ్లు అరిగిపోయాయి. గుస్ల్‌ఖానాకి వెళ్లాలన్నా వాకర్ కావాలి, నమాజ్ కుర్చీలో కూచునే చదువుతారు. రెండేళ్లుగా ఆయనది ఒకటే ఖ్వాహిష్. "ఏక్ బార్ షిమిలిగుడ దిఖాదో బేటా."

దమ్మామ్‌లో ఉన్న తమ్ముడికి ఈ మాట వింటేనే భయం. "ఆపా, ఈ వయసులో ఆయన్ని రైలెక్కించి దించి, ఏదైనా అయితే? నేను హెడ్‌సెట్ పంపిస్తా. ఇంట్లోనే చూపించెయ్యండి" అన్నాడు. అన్నట్టే పంపాడు. మా అబ్బాయి దోస్తు దగ్గర 360 డిగ్రీల కెమెరా అడిగి తీసుకుని, షిమిలిగుడ ప్లాట్‌ఫాం మీదా గాలికొండ దగ్గరా వీడియోలు తీసుకొచ్చాడు. ఒక ఆదివారం అసర్ తర్వాత అబ్బాని పడక్కుర్చీలో కూచోబెట్టి హెడ్‌సెట్ కట్టాం.

ఆయన తల అటూ ఇటూ తిప్పి మాషా అల్లాహ్ అన్నారు. స్టేషన్ బోర్డు చదివారు. చెయ్యి చాపి గాల్లో ఏదో ముట్టుకోబోయారు. కాసేపటికి మెల్లగా అన్నారు, "సబ్ హై బేటా. ఫాసిలా నై హై." అంతా ఉంది, దూరమే లేదు. ఆ స్తంభం అంత దగ్గర ఉండదనీ, కొండ ఇలా మీదికి రాదనీ, ఎవరో ఖిలౌనా రైలుబండి సెట్టు పేర్చినట్టుందనీ చెప్పారు.

పాత కళ్లు కదా అనుకున్నాడు మా అబ్బాయి. ముసలాయన జిద్ అది అన్నాడు తమ్ముడు ఫోన్లో. ముప్పై ఏళ్లు ఆ పట్టా వెంట నడిచిన మనిషి మాటని అంత తేలిగ్గా కొట్టెయ్యడం నాకు ఇష్టం లేకపోయింది. దొరికినంత చదివాను. అబ్బా చెప్పింది సహీ. పరిశోధకులు దీన్ని 1990ల నుంచీ కొలుస్తూనే ఉన్నారు.

కొలిచే తరీఖా చాలా సాదాగా ఉంటుంది. మనిషికి నేల మీద ఒక గుర్తు చూపిస్తారు. బాగా చూసుకున్నాక కళ్లు మూయించి, ఆ గుర్తు దాకా వెళ్లి ఆగమంటారు. నిజమైన నేల మీద మనుషులు ఈ పని అబ్బురంగా చేస్తారు. 20 మీటర్ల వరకూ చూసి, కళ్లు మూసుకుని, దాదాపు సరిగ్గా అక్కడికే వెళ్లి ఆగుతారు. అదే గుర్తుని హెడ్‌సెట్‌లో చూపించి నడవమంటే ముందే ఆగిపోతారు. జర్మనీలో డ్రెస్డెన్ యూనివర్సిటీ వాళ్లు అప్పటిదాకా వచ్చిన పరిశోధనలన్నీ చేర్చి 2013లో సగటు తీశారు. అసలు దూరంలో సుమారు 74 శాతమే మనుషుల అందాజాకి వస్తోందని తేలింది. అంటే పది అడుగుల చోట ఏడున్నర అడుగులే. ఇప్పటి హెడ్‌సెట్లు తేలికయ్యాయి, బొమ్మ స్పష్టమైంది, చూపు వెడల్పైంది, కాబట్టి తేడా కొంత తగ్గింది. పూర్తిగా మాత్రం పోలేదు.

మేడ మీద పిల్లల్ని పోగేసి మేమూ చేసి చూశాం. సుద్దముక్కతో గీత గీసి, కళ్లకి దుపట్టా కట్టి నడిపిస్తే గీత మీదో, జానెడు అటూ ఇటో ఆగారు. అదే మేడ లాంటి చోటు హెడ్‌సెట్‌లో చూపించి నడిపిస్తే ఒక్కొక్కళ్లూ ఒకటి రెండు అడుగులు ముందే ఆగిపోయి, "వచ్చేశాం కదా?" అన్నారు. వాళ్లవి పాత కళ్లు కావు.

ఎందుకిలా? మన కన్ను దూరాన్ని ఒక్క ఉపాయంతో తెలుసుకోదు. దాని దగ్గర చాలా గవాహీలు ఉంటాయి, అన్నీ కలిపి ఫైసలా చేస్తుంది.

మొదటి గవాహీ రెండు కళ్ల పొందిక. సూదిలో దారం ఎక్కించేటప్పుడు రెండు కళ్లూ ముక్కు వైపు వాలతాయి, కంటి లోపలి కటకం కూడా దగ్గరికి బిగుస్తుంది. ఈ రెండూ ఎప్పుడూ జోడుగానే కదులుతాయి. హెడ్‌సెట్‌లో ఆ జోడు విడిపోతుంది. తెర ఎప్పుడూ ఒకే దూరంలో, ఒకటి రెండు మీటర్ల దగ్గర ఉన్నట్టు అద్దాలు అమర్చి ఉంటాయి. కటకం అక్కడే బిగుసుకుని ఉంటే, కళ్లు మాత్రం ఒకసారి దగ్గరికీ ఒకసారి దూరానికీ తిరుగుతుంటాయి. రెండు గవాహీలు రెండు మాటలు చెబుతాయి. తలనొప్పి రావడానికి కూడా ఇదో కారణం.

రెండో గవాహీ నేల. ఇది పెద్ద గవాహీ. గుమ్మంలో విడిచిన చెప్పుల్ని చూడాలంటే చూపు బాగా కిందికి దిగాలి. వీధి చివరి మేకని చూడాలంటే కాస్త దిగితే చాలు. నేలా ఆకాశం కలిసే గీత నుంచి చూపు ఎంత దిగింది, నా కన్ను నేలకి ఎంత ఎత్తున ఉంది, ఈ రెండిటితో బుర్ర హిసాబ్ కడుతుంది. 2001లో నేచర్ పత్రికలో వచ్చిన ఒక ప్రయోగంలో గాజు పట్టకాలు పెట్టి చూపుని ఇంకాస్త కిందికి దించితే, వస్తువులు దగ్గరున్నాయని మనుషులు పొరబడ్డారు.

అబ్బా విషయంలో జరిగింది చాలావరకు ఇదే. మా అబ్బాయి కెమెరాని నిలబడిన మనిషి కంటి ఎత్తున, 1.6 మీటర్లలో పెట్టాడు. అబ్బా చూసింది కుర్చీలో కూచుని. ఆయన కన్ను నేలకి 1.2 మీటర్ల ఎత్తులో ఉందని ఆయన ఒంటికి తెలుసు. హిసాబ్ అక్కడ తప్పింది. 16 మీటర్ల దూరంలో ఉన్న స్తంభం లెక్క ప్రకారం ఆయనకి 12 మీటర్లలో ఉన్నట్టు తోచాలి. దగ్గరైన కొద్దీ అది చిన్నదిగానూ తోచాలి. ఖిలౌనా అన్నారే, ఆ మాట అక్షరాలా నిజం.

మూడో గవాహీ కదలిక. రైలు కిటికీ దగ్గర కూచుంటే స్తంభాలు పరుగెత్తిపోతాయి, చెట్లు నడుస్తాయి, కొండ మనతోనే వస్తుంది. తల కాస్త పక్కకి వంచినా అంతే, దగ్గరిది ఎక్కువ జరుగుతుంది, దూరానిది తక్కువ. మామూలు 360 వీడియోలో ఇది ఉండదు. ఎంత వంగినా స్తంభమూ కొండా ఒకే గుడ్డ మీద అచ్చేసిన పూలలా కలిసే కదులుతాయి. ఇవి కాక నెత్తి మీది బరువు ఒకటి, పక్కల నుంచి మూసుకున్న చూపు ఒకటి. ఒత్తి బరువుకే హెడ్‌సెట్ లాంటి డొల్ల పెట్టి నిజమైన నేలని చూపించినా అందాజా కొంత తగ్గిందని అమెరికాలో ఒక ప్రయోగం చెప్పింది.

ఇవన్నీ చదువుతుంటే ఇంకో రెండు సంగతులు నన్ను ఆపేశాయి. హెడ్‌సెట్‌లో కాసేపు అటూ ఇటూ నడవనిస్తే, ఆ తర్వాత మనుషుల అందాజా బాగుపడుతుందట. కాళ్లు కళ్లకి పాఠం చెబుతాయన్నమాట. తాము నిలబడి ఉన్న గదినే అచ్చంగా హెడ్‌సెట్‌లో చూపించి, ఇది ఆ గదేనని తెలిసేలా చేస్తే తప్పు దాదాపు మాయమైపోయిందట. కంటికి భరోసా కూడా కావాలి. తెలిసిన నేల మీద ఉన్నానన్న భరోసా.

ఈ ఇల్మ్ మన పెద్దల దగ్గర వెయ్యేళ్ల కిందటే ఉంది. ఇబ్న్ అల్ హైసమ్ పేరు మీరు వినే ఉంటారు. 965లో బస్రాలో పుట్టి కైరోలో స్థిరపడినవారు. చూపు మీద ఆయన రాసిన కితాబ్ అల్ మనాజిర్ ఏడు భాగాలు. దాని రెండో భాగంలో దూరం ఎలా తెలుస్తుందన్న బహస్ ఉంది. మనకీ ఆ వస్తువుకీ మధ్య నేల తెగకుండా పరుచుకుని, వరసగా తెలిసిన వస్తువులు ఉంటేనే దూరం సరిగ్గా తెలుస్తుందని ఆయన అంటారు. నేల మీద మనకి తెలిసిన కొలతలన్నీ మన పాదాల దగ్గర, మన అడుగుల దగ్గర మొదలైనవేనని కూడా వివరిస్తారు. దానికి మిసాల్‌గా మబ్బుల్ని చూపిస్తారు. మైదానంలో నిలబడి మబ్బుని చూస్తే అది ఎంతో ఎత్తున, చుక్కల దగ్గరెక్కడో ఉన్నట్టుంటుంది. అదే మబ్బు కొండల మధ్య ఉండి, కొండ కొమ్ము దాని పైకి కనిపిస్తే, మబ్బు ఎంత దగ్గరో తెలిసిపోతుంది. మన పిల్లలు పాడేరు దగ్గర వంజంగి కొండెక్కి, కాళ్ల కింద మబ్బుల సముద్రం ఫోటోలు తీసి స్టేటస్ పెడుతున్నారే, అది చూసిన ప్రతిసారీ నాకు ఆ కైరో పెద్దాయనే గుర్తొస్తారు. 1950లో గిబ్సన్ అనే అమెరికా శాస్త్రవేత్త నేలే దూరానికి ఆధారమని రాసి ఈ కాలపు చదువుకి దారి వేశారు. ఆ దారికి మొదటి మైలురాయి మనవాళ్లు పాతిందే.

ఇదంతా తమ్ముడికి చెప్పాను. "అయితే ఏం చేద్దామంటావ్ ఆపా?" అన్నాడు. తీసుకెళ్దాం అన్నాను. డాక్టర్‌ని అడిగాం. చలి జాగ్రత్త, మందులు జాగ్రత్త, ఒకే రోజులో వెళ్లి రావద్దు అన్నారాయన.

అద్దాల పైకప్పున్న విస్టాడోమ్ పెట్టె 2017 నుంచి ఈ లైన్లో నడుస్తోంది. అందులో సీటు తీద్దామంటే అబ్బా ఒప్పుకోలేదు. "అద్దం నక్కో. ఖిడ్కీ చాహియే." మామూలు పెట్టెలో కిటికీ పక్కన కూచోబెట్టాం. బొడ్డవర దాటి ఘాట్ మొదలయ్యాక ఆయన ఒక పని చేశారు. కళ్లు మూసుకున్నారు. నిద్రేమో అనుకున్నాను. కాదు. "అబ్ పుల్ ఆయేగా" అన్నారు. కాసేపటికి చక్రాల కింద చప్పుడు మారింది, వంతెన. "లోయ అటుపక్కకి తిరిగింది." తిరిగింది. సొరంగంలోకి వెళ్లగానే చప్పుడు మీద పడుతుంది, గాలి చల్లబడుతుంది. ఆయన పెదవులు కదుపుతూ లెక్క పెట్టి, సరిగ్గా వెలుగు వచ్చే ముందు చెయ్యెత్తేవారు. టైడా, చిమిడిపల్లి, బొర్రా, కరకవలస, ఒక్కటీ తప్పలేదు. మా అబ్బాయి నోరు తెరుచుకుని చూస్తున్నాడు. మేడ మీద మేం దుపట్టా కట్టి చేసిన పరీక్షే ఇదీ. అక్కడ పది అడుగులు, ఇక్కడ కొండంత దారి.

షిమిలిగుడ 996 మీటర్ల ఎత్తున ఉంది. బండి ఆగింది కొద్ది నిమిషాలే, ఆయన్ని దించడం కుదరదు. కళ్లు తెరిచి కిటికీలోంచి స్తంభం వైపు చూశారు, దాని వెనక కొండ వైపు చూశారు. "దేఖో. ఉత్తీ దూర్" అన్నారు మనవడితో. అంతే. ఇంకేమీ అనలేదు. ఆ ముఖంలోని సుకూన్ నేను చాలా రోజుల తర్వాత చూశాను.

అరకులో జుహర్ ఆయన రెండు రకాతులే చదివారు, ముసాఫిర్ కాబట్టి. విశాఖ నుంచి అరకు 110 కిలోమీటర్ల పైమాటే. హనఫీ ఫిఖహ్‌లో కస్ర్‌కి పెట్టిన హద్దు అసలు మూడు రోజుల నడక. 48 మైళ్లని, 77 కిలోమీటర్లని మనం తర్వాత దాన్ని అంకెల్లోకి మార్చుకున్నాం. మన పెద్దలూ దూరాన్ని కాళ్లతోనే కొలిచారు.

ఆ సాయంత్రం అబ్బాతో కలిసి గ్యాంగ్‌లో పనిచేసిన ఒక కొండదొర పెద్దాయన చూడ్డానికొచ్చారు. చేతిలో పసుపు కొమ్ముల మూట. ఊరు ఎంత దూరమని అడిగాను. "ఎంత దూరమేటమ్మా, ఒక మెట్ట దిగి, రెండు గెడ్డలు దాటితే మా గూడెం. అదిగో, అక్కడ కనిపిస్తాది" అని చెయ్యి చూపించారు. కనిపించింది నిజమే. వాన వెలిసిన గాలి తేటగా ఉంటే ఎదుటి కొండ మీది ఇళ్లు చెయ్యి చాపితే అందేలా ఉంటాయి. గాలిలో దుమ్మూ తేమా తెరలా అడ్డం పడితేనే కన్ను దాన్ని దూరం అంటుంది. ఆ తెర పల్చబడితే దగ్గర అంటుంది. ఫోన్‌లో మ్యాప్ తీసి చూస్తే నిటారు గీతలో రెండు కిలోమీటర్లు కూడా లేదు. ఆయన నడిచి వచ్చింది రెండు గంటలు.

"సాయిబన్నా, మా కోడల్ని డోలీలో దించినప్పుడు ఇదే దారి" అన్నారు అబ్బాతో. "ఖాళీ డోలీతో ఎక్కినప్పుడు ఒక దూరం. మనిషినెక్కించినాక ఇంకో దూరం."

అల్లూరి సీతారామరాజు జిల్లా నుంచి డోలీ మోతల వార్తలు మీరూ చదువుతూనే ఉంటారు. కర్రకి దుప్పటి కట్టి, నొప్పులు పడుతున్న బిడ్డని అందులో పడుకోబెట్టి, రోడ్డు దొరికే దాకా మోస్తారు. ఆ పెద్దాయన మాట మీద కూడా శాస్త్రవేత్తలు బహస్ చేశారు. 5 డిగ్రీల వాలు మనుషుల కంటికి 20 డిగ్రీల వాలులా కనిపిస్తుందని వర్జీనియా యూనివర్సిటీలో ప్రాఫిట్ బృందం 1995లో చూపింది. వీపున బరువుంటే ఇంకా నిటారుగా తోస్తుందని 1999లో అన్నారు. బరువు సంగతి అలా కాదు, పరీక్ష పెట్టిన తీరే వాళ్ల చేత అలా చెప్పించిందని ఇంకొందరు ఎదురు వాదించారు. ఆ బహస్ వాళ్లు తేల్చుకోనీ. కర్ర భుజాన పెట్టుకున్న మనిషికి ఏ దూరం నిజమో ఆ భుజానికి తెలుసు. మ్యాప్‌లో చూసేవాడికి రెండు కిలోమీటర్లే. మ్యాప్ కూడా ఒక రకం హెడ్‌సెట్టే, అన్నీ చూపిస్తుంది, ఫాసిలా ఒక్కటి దాచేస్తుంది.

తిరిగొచ్చాక అబ్బాకి మూడు రోజులు మోకాళ్లు వాచాయి. నొప్పి మందు వేసుకున్నారు. షికాయత్ చెయ్యలేదు.

హెడ్‌సెట్ పనికిరాదని నేను అనడం లేదు. మంచం దిగలేని మనిషికి అది నిజంగా నేమత్. ఇంట్లో ఉంటే కొన్ని సంగతులు చూసుకోండి. రెండు కళ్ల మధ్య దూరం ఒక్కొక్కరిది ఒక్కోలా ఉంటుంది, పెద్దవాళ్లలో సగటు 63 మిల్లీమీటర్లు. దానికి తగ్గట్టు అద్దాలు జరిపి పెట్టండి. పెద్దవాళ్లు కూచుని చూస్తారనుకుంటే వీడియో కూచున్న ఎత్తునుంచే తియ్యండి. తలనొప్పి అంటే వెంటనే తీసెయ్యండి. పిల్లలు చూశాక, అందులోది ఎంత దూరమనుకున్నారో అడిగి, తర్వాత బయట నేల మీద నడిపించి చూపించండి. కళ్లకి కాళ్ల తర్బియత్ ఇవ్వండి.

ఇంకో మాట. తెర దూరాన్ని తగ్గించి చూపిస్తుందన్నది ఒక్క కొండల విషయంలోనే కాదు. రోజూ మగ్రిబ్ తర్వాత వీడియో కాల్‌లో తమ్ముడి ముఖం అబ్బా ముఖానికి జానెడు దూరంలో ఉంటుంది. దమ్మామ్ ఇక్కడికి మూడు వేల కిలోమీటర్ల పైమాటే. రోజూ కనిపిస్తున్నాను కదా అనుకుంటాడు వాడు. అబ్బా వాణ్ణి ముట్టుకుని రెండేళ్లు దాటింది. ఈ మాట మొన్న వాడికి చెప్పాను. కాసేపు ఏం మాట్లాడలేదు. తర్వాత, రంజాన్‌కి సెలవు అడుగుతానన్నాడు. ఇన్షా అల్లాహ్.